వేలు దూరేంత సందు

మూడో డబ్బా మూతి కోసేటప్పటికి అన్వరీ బేగం బొటనవేలు మళ్లీ తెగింది. రక్తం ఎక్కువ రాలేదు. వేలు నోట్లో పెట్టుకుని చప్పరించి, కొంగుకు తుడుచుకుని, కత్తెర మళ్లీ అందుకుంది. పది గంటలకల్లా మొక్కలకు కట్టే పేరుబిళ్లలు ఇరవై కావాలని జనార్ధన్ సార్ పొద్దున్నే చెప్పాడు. ఉసిరికి ఎనిమిది, నిమ్మకు పన్నెండు.

మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే రోడ్డు మీద వరసగా ఉన్న నర్సరీల్లో జనార్ధన్‌ది చిన్నది. షెడ్డు వెనక, పచ్చ వల నీడలో, ఇటుకల మీద పరిచిన షాబాదు బండ ఆమె పనిచేసే చోటు. ఎడమ పక్కన పాతసామాన్ల దుకాణం నుంచి తెచ్చిన కూల్‌డ్రింకు డబ్బాల సంచి, కుడి పక్కన జత పోయిన హవాయి చెప్పు ఒకటి. డబ్బా పైమూతా అడుగూ తీసేసి పక్కన ఒక్క కోత పెడితే కాగితంలా విచ్చుకుంటుంది. విచ్చుకున్నాక మళ్లీ చుట్టుకుపోవాలని చూస్తుంది. బండ అంచున ఆనించి రెండు చేతులతో అటూ ఇటూ లాగితే అలక తీరినట్టు చదునవుతుంది. అప్పుడు అగ్గిపెట్టె వెడల్పున ముక్కలు కోయాలి. గోళ్లు తీసినట్టు నాలుగు మూలలూ గుండ్రంగా తీయాలి, లేకపోతే కొన్నవాళ్ల చేయి కోసుకుంటుంది. మొలతో ఒక చిల్లు. రంగులేని వైపు పైకి పెట్టి, ముక్కను చెప్పు మీద ఆనించి, సిరా అయిపోయిన పెన్నుతో రాయాలి. కింద చెప్పు మెత్తగా దిగుతుంది, సత్తురేకు మీద అక్షరం గాడి పడుతుంది. ఆ అక్షరాన్ని ఎండ తినలేదు, వాన కడగలేదు.

ఈ పని ఆమెకు ఎవరూ నేర్పలేదు. మొదట్లో నర్సరీలో స్టిక్కర్లు అంటించేవారు. ఒక్క ఎండాకాలానికి అవి తెల్లబడేవి, నిమ్మేదో దబ్బేదో తెలియక కొన్నవాళ్లు వచ్చి తిట్టిపోయేవారు. అప్పట్లో అన్వరీ మట్టి తట్టలు మోసేది. ఆరో తరగతి చదివే కూతురు నజ్‌నీన్ బడి అయిపోయాక ఈ షెడ్డు వెనకే కూచునేది. ఒకరోజు ఆడుకుంటూ డబ్బా రేకు మీద ఎండిపోయిన పెన్నుతో తన పేరు గీసి, గులాబీ కుండీలో గుచ్చి మరిచిపోయింది. వానాకాలం పోయి చలికాలం వచ్చినా ఆ పేరు అట్లాగే ఉంది. అన్వరీ దాన్ని పట్టుకుపోయి సార్‌కు చూపించింది. ఏడో తరగతి దాకా తెలుగు బడిలో చదువుకున్న ఆడమనిషి ఆ నర్సరీలో ఆమె ఒక్కతే. ఆ రోజుతో నెత్తి మీద తట్ట దిగింది, చేతికి కత్తెర వచ్చింది. మోకాళ్లు బతికిపోయాయి, వేళ్లు పోయాయి.

ఈ రోజు ఆమె కళ్లు మాటిమాటికీ డబ్బాల సంచి కిందికి పోతున్నాయి. అక్కడ ఎరువు బస్తా మడతలో ఒక నీలం ఫైలుంది. అందులో నజ్‌నీన్ మెమోలు ఉన్నాయి. పదోది, ఇంటర్‌ది, రోజూ సుచిత్ర చౌరస్తా దాకా రెండేళ్లు బస్సులో నిలబడిపోయి చదివిన ఎక్స్‌రే కోర్సుది. తొమ్మిది రోజుల కింద అన్వరీయే తెచ్చి ఇక్కడ పెట్టింది. ఇంట్లో ఎలుకలు తిరుగుతున్నాయని తెచ్చింది. ఎలుకలు తిరుగుతున్న మాట నిజమే.

నిర్మల్‌లో ఒక ఆసుపత్రివాళ్లు నజ్‌నీన్‌ను పనిలోకి రమ్మన్నారు. రేపు పది గంటలకు ఒరిజినల్ మెమోలు చూపించి చేరాలి. వాళ్లు పిలవడం ఇది మూడోసారి. మొదటిసారి అన్వరీకి బీపీ పెరిగింది. రెండోసారి రంజాన్ దగ్గరికొచ్చింది. ఈసారి మెమోలు కనబడటం లేదు. ఈసారీ రాకపోతే ఇంకొకరిని తీసుకుంటామని వాళ్లు ఫోనులోనే చెప్పేశారు. సాయంత్రం నాలుగింటి బస్సుకు నజ్‌నీన్ టికెట్టు తీసేసుకుంది.

వారం రోజులుగా ఇల్లంతా తిరగదోడిన పిల్ల, నిన్నా వెతకలేదు, ఈ రోజు పొద్దునా వెతకలేదు. గోడకు ఆనుకుని, అన్నం డబ్బా కట్టుకుంటున్న తల్లినే చూస్తూ నిలబడింది.

"అమ్మీ, నాలుగింటికి బస్సు. మెమోలు నువ్వే తెచ్చియ్యాలె."

"షెడ్ల గిట్ట పడ్డయేమో, సూస్త," అన్నది అన్వరీ, మొహం తిప్పుకుని.

పూలకుండీలు మోసుకుంటూ దుర్గమ్మ షెడ్డు వెనక్కి వచ్చింది. ఇద్దరూ ఒకే ఏడు పనిలో చేరారు. దుర్గమ్మ తల మీద తట్ట ఇంకా దిగలేదు.

"ఏందక్కా, బిళ్లలు రాస్తున్నవా, కలలు గంటున్నవా? నజ్‌నీన్ ఇయ్యాలనే గద పోయేది. ఇంటికి పోరాదు."

"నాలుగింటికి గద."

"కాయిదాలు దొరికినయా?"

"దొర్కలె. దేవులాడుతాంది."

దుర్గమ్మ కుండీలు దించి నడుము మీద చేతులు పెట్టుకుంది. "లోకంల ఉన్న శెట్లన్నిటికి పేర్లు రాసి కడ్తవు. నీ బిడ్డ కాయిదాలు ఏడ వెట్టినవో మాత్రం నీకెరుక లేదు. మంచిగనే ఉంది."

అన్వరీ నవ్వబోయింది, రాలేదు. నిమ్మ అని రాయాల్సిన చోట ఉసిరి అని రాసి, ఆ ముక్క పక్కన పడేసింది.

ఆమె భయాలకు ఊరూ వాడా ఉన్నాయి. కామారెడ్డి దాటాక బస్సు బోల్తా పడుతుంది. ఎక్స్‌రే వెలుతురు రక్తంలోకి దిగుతుంది. హాస్టలులో సిలిండరు పేలుతుంది. లిఫ్టు మధ్యలో ఆగిపోతుంది. ఇవి ఒకదాని తర్వాత ఒకటిగా రావు, పెళ్లికి వచ్చిన చుట్టాల్లా అన్నీ ఒకేసారి వచ్చి కూచుంటాయి. హైవే మీద అంబులెన్సు కూత వినబడితే ముందు నజ్‌నీన్‌కు ఫోను చేస్తుంది. తర్వాతే అది ఎటు పోయిందో చూస్తుంది.

ఊరికే వచ్చిన భయం కాదు. ఆమె భర్త మునావర్ లారీ క్లీనరు. నజ్‌నీన్ ఐదో తరగతిలో ఉండగా ఒక సాయంత్రం తూప్రాన్ దగ్గర లారీ దిగి, ఇంటికి ఇంకో బండి పట్టుకుందామని రోడ్డు దాటుతుంటే ఏదో వాహనం కొట్టేసి పోయింది. జేబులో కాగితం ముక్క లేదు. ఫోను నుజ్జయింది. రెండు రోజులు పేరు లేకుండా ఆసుపత్రిలో పడి ఉన్నాడు. ఆమె వెళ్లి మార్చురీలో చూసేసరికి కాలి బొటనవేలికి దారంతో ఒక అట్టముక్క కట్టి ఉంది. దాని మీద సిరాతో రాసింది తడికి అలికిపోయింది. అక్కడ ఏం రాసి ఉంటారా అని ఆమె ఇప్పటికీ అనుకుంటూ ఉంటుంది.

మరుసటి ఏడు సత్తురేకు మీద రాయడం వచ్చాక, ఆమె మొదట రాసింది ఉసిరి కాదు, నిమ్మ కాదు. కూతురి పేరు, ఊరు, తన ఫోను నంబరు రాసి బడి సంచికి కట్టింది. ఇంటర్‌లో తోటి పిల్లలు నవ్వితే నజ్‌నీన్ దాన్ని సంచి లోపలికి తిప్పుకుంది గాని తీసేయలేదు. ఈ రోజు పన్నెండు నిమ్మలూ అయిపోయాక అన్వరీ ఇంకో ముక్క కోసింది. మూలలు మామూలుకంటే ఎక్కువసేపు అరగదీసింది. నజ్‌నీన్, మేడ్చల్, పది అంకెలు. రాసి జాకెట్టులో దాచుకుంది. తాను పోనివ్వని పిల్లకు ఇది ఎందుకు రాస్తున్నదో ఆమెకే తెలియలేదు.

పదిన్నరకు ఒక కారు వచ్చి ఆగింది. దిగినావిడ మాధవీలత, ఉద్యోగంలోంచి రిటైరై శామీర్‌పేట చెరువు అవతల తోట వేసుకున్న మనిషి. నాలుగేళ్ల కింద ఈ నర్సరీ నుంచే అరవై నాలుగు మొక్కలు కొన్నది. ఇప్పుడు ఆవిడ చేతిలో మణికట్టు లావున ఎండిపోయిన జామ మొద్దు ఉంది.

"జనార్ధన్ గారూ, ఇది ఏడో చెట్టు. నీళ్లు పెడుతూనే ఉన్నాను. పచ్చగా ఉన్నదల్లా పైనుంచి వాడిపోతుంది. మొన్న గాలికి ఇది ఇక్కడే పుటుక్కున విరిగింది."

జనార్ధన్ మొద్దును అటూ ఇటూ తిప్పాడు. "పురుగు మేడం. కాండం తొలుస్తది. మందిస్త, మొదట్ల పోయండి. అయిపాయె."

బిళ్లలు ఇవ్వడానికి వచ్చిన అన్వరీ మొద్దుకు వేలాడుతున్న సత్తుముక్కను చూసింది. జామ, అలహాబాద్ సఫేదా. నాలుగు ఎండాకాలాలు పోయినా, నిన్న రాసినట్టే ఉన్నాయి తన అక్షరాలు. ఆమెకు ముందు కలిగింది గర్వమే.

తర్వాత తీగె కనబడింది. కనబడింది అనడానికి లేదు. తీగె ఉండాల్సిన చోట మొద్దు చుట్టూ ఒక గాడి ఉంది. గాడికి పైన బెరడు దూది కూరిన దిండులా ఉబ్బింది, కింద సన్నగా బక్కగా ఉంది. రాగితీగె లోపలికి దిగి, బిళ్ల దగ్గర మాత్రం రెండు మెలికలు బయటికి వచ్చి మెరుస్తున్నాయి.

ఆ మెలికలు ఆమెవే. అంతకు ముందు సుతిలి తాడుతో కట్టేది. సుతిలి ఒక్క వానకే కుళ్లి బిళ్లలు రాలిపోయేవి. రాలిపోతే చెట్టుకు పేరు ఎట్లా అని, మేడ్చల్‌లో మోటార్లు రిపేరు చేసే దుకాణం నుంచి రాగితీగె అడిగి తెచ్చింది. తుప్పు పట్టదు, తెగదు. దానితో మొదట కట్టినవి ఈ మేడం మొక్కలకే. తోటకు తనే పోయి, ఒక్కొక్క మొక్కకూ రెండు చుట్లు చుట్టి, గాలికి ఊడకుండా బిగించి మెలిపెట్టింది. అప్పుడు అవి చిటికెనవేలు లావున ఉండేవి. నర్సరీలో ఏ మొక్కా ఏడాది దాటి ఉండదు. బండెక్కాక దాని సంగతి ఏమైందో చూసే పని ఆమెది కాదు.

మందు డబ్బా కోసం జనార్ధన్ లోపలికి తిరిగాడు.

"పురుగు గాదమ్మా," అన్నది అన్వరీ.

ఇద్దరూ ఆమె వైపు చూశారు.

"తీగె. శెట్టు లావెక్కింది, తీగె ఎక్కలె. నేనే కట్టిన."

"అన్వరమ్మా, నువ్వు వోయి పని జూస్కో," అన్నాడు జనార్ధన్, గొంతు పెంచకుండానే.

ఆమె పోలేదు. పని పోతుంది, తట్ట కూడా మిగలదు, అద్దె గదిలోంచి సామాన్లు బయటికి వస్తాయి. అన్నీ ఒకేసారి వచ్చి కూచున్నాయి. అయినా నోరు ఆగలేదు. "అన్ని శెట్లకు గట్లనే కట్టిన. ఊడిపోతయని గట్టిగ బిగవెట్టిన."

మాధవీలత మొద్దును వేలితో తడిమి చూసింది. "అన్నిటికీనా?"

"అన్నిటికి. తీగెలు ఇయ్యాల్నే కోసెయ్యాలె. ఎండలు ముదిరితే నిలవడయి."

జనార్ధన్ గడియారం చూశాడు. "నీ బిడ్డ బస్సు గద ఇయ్యాల?"

"నాలుగింటికి."

"పో మరి. నువ్వు కట్టినయి నువ్వే ఇప్పు."

కటింగ్ ప్లేయరు కోసం ఆమె షెడ్డు వెనక్కి పోయింది. సంచి జరిపింది. ఎరువు బస్తా మడత తాను వేసినట్టు లేదేమో అనిపించింది. ఫైలు తీయలేదు. సంచి మళ్లీ మీదికి జరిపి, కారెక్కింది.

తోటలో ఎండ సూటిగా పడుతోంది. మొదటి మామిడి దగ్గర మోకాళ్ల మీద కూచుంటే, లేవడానికి చెట్టునే పట్టుకోవలసి వచ్చింది. తీగె కనబడిన చోట ప్లేయరు ముక్కు దూర్చి కత్తిరించడం, వచ్చినంత లాగడం, రానిది అక్కడే వదిలేయడం. కొన్నిటి మీద బెరడు పూర్తిగా మూసుకుపోయింది. చాకు మొనతో గీరి తీయవలసి వచ్చింది. చెట్టుకు ఎక్కడ తగులుతుందోనని ఊపిరి బిగపట్టి గీరింది. ఒక మామిడికి తీగె అసలు కనబడటమే లేదు, బిళ్ల ఒక్కటే బెరడులోంచి మొలిచినట్టు ఉంది.

పది చెట్లు అయ్యాక ఆమెకు ఒక సంగతి తెలిసింది. ఏపుగా పెరిగిన చెట్లకే తీగె లోతుగా దిగింది. నీడపట్టున ఎదగక గిడసబారిన రెండు సపోటాలకు మాత్రం కట్టిన రోజు ఉన్నట్టే ఉంది, బెరడు మీద గీత కూడా లేదు. ఆమె ఆ సపోటాల దగ్గర అవసరానికి మించి కూచుంది.

మాధవీలత మజ్జిగ తెచ్చి ఇచ్చింది. కోప్పడితే బాగుండుననిపించింది అన్వరీకి. ఆవిడ కోప్పడలేదు.

"బతుకుతాయా?"

"కొన్ని బతుకుతయమ్మా. తోలు కలుసుకుంటది. కొన్నిటి సంగతి నాకెరుక లేదు."

"పేర్లు మాత్రం ఉండనీ. నాకు ఏది ఏదో గుర్తుండదు."

పేర్లు కట్టక తప్పదు. బిళ్లను కింది రెమ్మకు తగిలించి, తీగె చుట్టబోతే చేయి దానంతటదే రెండో చుట్టుకు పోయింది. విప్పింది. మళ్లీ చుడితే మళ్లీ బిగిసింది. చివరికి చూపుడువేలు రెమ్మ మీద ఆనించి, వేలుతో కలిపి ఒక్క చుట్టు చుట్టి, మెలిపెట్టి, వేలు బయటికి లాగేసుకుంది. బిళ్ల గాలికి ఊగుతూ రెమ్మ మీద అటూ ఇటూ జరిగింది. ఊడిపోయేటట్టే ఉంది. ఊడిపోలేదు.

ఒంటిగంట దాటాక ఫోను మోగింది. నజ్‌నీన్.

"తిన్నవా అమ్మీ?"

"ఊఁ."

"బీపీ గోలీ ఏస్కున్నవా? మొన్నటి లెక్క ఇంట్ల మర్చిపోతే నేను తెచ్చియ్యనీకి ఉండ ఇగ."

"ఏస్కుంట."

"నేను మూడున్నరకు బస్టాండ్ల ఉంట."

మెమోల మాట వస్తుందని అన్వరీ ఎదురుచూసింది. అటునుంచి గిన్నెలు సర్దుతున్న చప్పుడు వచ్చింది, తర్వాత ఫోను ఆగిపోయింది. ఆమె ఫోనుకేసి చూస్తూ కూచుంది. అడిగి ఉంటే, ఇంకా దొరకలేదని చెప్పడం తేలికయ్యేది.

చివరి చెట్టు అయ్యేసరికి మూడు కావస్తోంది. కోసిన తీగె ముక్కలు కవరు నిండా ఉన్నాయి, ఒక్కోటి చిన్నపిల్ల ఉంగరం అంత. మాధవీలత కారులో రోడ్డు దాకా దింపింది. మేడ్చల్ పోయే షేరింగ్ ఆటోలో అన్వరీ సీటు అంచున ఊరికే ఆనినట్టు కూచుంది. నర్సరీ దారిలోనే వస్తుంది. అక్కడ దిగకపోతే తిన్నగా బస్టాండుకు పోవచ్చు, పిల్లను బుజ్జగించి ఇంటికి తీసుకుపోవచ్చు. రేపు పది దాటితే అన్నీ వాటంతటవే సద్దుమణుగుతాయి. నర్సరీ బోర్డు కనబడింది. దాటుతోంది.

"ఆపు బేటా," అంది. "ఒక్క నిమిషం. సామాను మర్చిపోయిన."

"జల్దీ రావాలె అమ్మా, లోపట సవారీలున్నరు."

పరుగెత్తడం ఆమెకు చేతకాదు. వంగి నడిచింది. సంచి తొలగించి, బస్తా మడతలోంచి ఫైలు లాగి, కొంగుతో దుమ్ము తుడిచింది. దుర్గమ్మ కుండీల మధ్య నుంచి చూసింది. ఫైలును చూసింది, ఆమె మొహం చూసింది.

"ఆటో పోతది, నడు అక్కా," అన్నది.

మేడ్చల్ బస్టాండులో నిర్మల్ బస్సు ఇంజను వేసి ఉంది. కిటికీ పక్కన నజ్‌నీన్ కూచుని ఉంది. ఒళ్లో సంచి, సంచి మీద రెండు చేతులు. తల్లిని చూసి లేవబోయి, మళ్లీ కూచుంది. అన్వరీ జాకెట్టులోంచి బిళ్ల తీసింది. ఆటోలో దూర్చి పెట్టిన రాగితీగె దానికి ఉంది. సంచికి కట్టాలి. కాని ముందు ఫైలు ఇవ్వాలి. చేతిలో ఉన్నవన్నీ, అన్నం డబ్బా, తీగె ముక్కల కవరు, బిళ్ల, పక్కనున్న సిమెంటు బల్ల మీద పెట్టి, ఫైలును కిటికీ ఊచల మధ్య నుంచి రెండు చేతులతో అందించింది.

"ఏడుండె?" అంది నజ్‌నీన్.

దారి పొడుగునా అన్వరీ మూడు జవాబులు కట్టుకుంది. ఒకటి షెడ్డు గురించి, ఒకటి దుర్గమ్మ గురించి, ఒకటి ఎలుకల గురించి.

"నా తాన్నే ఉండె. నేనే దాసిన."

నజ్‌నీన్ ఫైలు తెరిచి చూసుకోలేదు. దాని మీది ఎర్రమట్టిని అరచేత్తో మెల్లగా రాసింది. "ఎరికే. మొన్న గోలీలు తెచ్చిచ్చి బండ మీద కూసున్నప్పుడే సూసిన. డబ్బాల సంచి కింద."

"మరి తీస్కపోలేదేంది?"

"నువ్విస్తవని."

"ఇయ్యకపోతే?"

నజ్‌నీన్ ఫైలు సంచిలో పెట్టుకుంది. ఊచలు పట్టుకున్న తల్లి వేళ్ల కేసి చూస్తోంది. "వేళ్లేమైనయి అమ్మీ?"

"ఏం గాలె. తీగె."

కండక్టరు విజిలు వేశాడు. అన్వరీ నాలుగు చోట్ల నుంచి ఫోను చేయమని చెప్పాలనుకుంది. తూప్రాన్ దాటాక ఒకటి, కామారెడ్డిలో ఒకటి, నిర్మల్‌లో దిగగానే ఒకటి, హాస్టలు గది తలుపు వేసుకున్నాక ఒకటి. బస్సు వెనక్కి జరిగింది.

"చేరినంక ఫోన్ జెయ్," అంది.

"గోలీ ఏస్కో," అంది నజ్‌నీన్. ఆ తర్వాత ఇంకేదో అంది. ఇంజను చప్పుడులో అది వినబడలేదు. బస్సు గేటు దగ్గర మలుపు తిరిగేదాకా కిటికీలో ఒక చేయి బయటికే ఉంది. తర్వాత బస్సు హైవే మీది బళ్లలో కలిసిపోయింది.

ఎక్కడో ఒక అంబులెన్సు కూత దూరంగా వినబడింది. అన్వరీ ఫోను తీసింది. కాసేపు పట్టుకుని, మళ్లీ జాకెట్టులో పెట్టుకుంది. కాళ్లు లాగుతున్నాయి. కూచుందామని బల్ల వైపు తిరిగింది.

అన్నం డబ్బాకూ తీగె ముక్కల కవరుకూ మధ్య, సిమెంటు మీద సత్తుబిళ్ల ఉంది. నజ్‌నీన్, మేడ్చల్, పది అంకెలు. దానికి దూర్చిన రాగితీగె ఇంకా దేనికీ కట్టలేదు. సాయంత్రపు ఎండలో మెరుస్తూ, మధ్యలో ఒక వేలు దూరేంత సందుతో గుండ్రంగా ఉంది.